బరువైన బండిని నడక వేగంలో నడపడం ఎలా?

"హైవేలో బాగానే పోతుందన్నా. మారతహళ్ళిలో యూటర్న్ దగ్గరికి వచ్చేసరికి చేతులు బిగుసుకుపోతున్నాయి."

బెంగళూరుకు వచ్చి మొదటిసారి పెద్ద బండి కొన్న మనవాళ్ళు మాటలు మార్చి మార్చి నన్ను అడిగేది ఇదే. చాలామంది ఊళ్ళో స్ప్లెండర్ నడిపి వచ్చినవాళ్ళు. ఆ బండి బరువు 112 కిలోలు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, సూపర్ మీటియార్ 650 అయితే 241 కిలోలు. భయం వేయడంలో వింత లేదు. అయితే నేను చూసినంతవరకు బరువు ఆపలేక పడినవాళ్ళు తక్కువ. మలుపు మధ్యలో కంగారుపడి క్లచ్ మొత్తం నొక్కేసి పడినవాళ్ళే ఎక్కువ. ఇంజన్ వెనక చక్రాన్ని లాగుతున్నంతసేపు వాలిన బండి కూడా నిలబడే ఉంటుంది. ఆ లాగుడు తెగిందా, బరువంతా ఒక్కసారిగా మీ కాలి మీదికి వస్తుంది.

నా బండి మొదటిసారి పడింది కూడా అలాగే. సర్వీస్ రోడ్డులో కుడికి తిప్పుతున్నాను, వెనక నా భార్య కూర్చుని ఉంది. ఎదురుగా ఆటో కనబడగానే క్లచ్ నొక్కి ముందు బ్రేకు పట్టేశాను. మేం వెళ్తున్నది మనిషి నడిచే వేగంలోనే. అయినా ఆమె మోకాలి చర్మం లేచిపోయింది. ఆ తర్వాత వరుసగా ఆదివారాలు ఖాళీ పార్కింగులో పడుతూ లేస్తూ నేర్చుకున్నది కింద రాస్తున్నాను. చదివి వదిలేస్తే రాదు, చేతికి అలవాటు కావాలి. వారానికి రెండుసార్లు అరగంట చొప్పున నెల రోజులు కేటాయించండి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

చోటు: కనీసం 30 అడుగులు నడిచేంత పొడవు, 20 అడుగులు నడిచేంత వెడల్పు ఉన్న గట్టి నేల. ఇక్కడ అడుగు అంటే మీరు మామూలుగా వేసే ఒక అంగ, సుమారు 75 సెంటీమీటర్లు. ఆదివారం ఉదయం ఖాళీగా ఉండే ఆఫీసు పార్కింగ్, ఇళ్ళు ఇంకా కట్టని లేఅవుట్ రోడ్లు బాగుంటాయి. సర్జాపుర, దేవనహళ్ళి వైపు అలాంటి లేఅవుట్లు చాలా ఉన్నాయి. సెక్యూరిటీ వాళ్ళను అడిగి మొదలుపెట్టండి. మొదలుపెట్టే ముందు నేలంతా ఒకసారి నడిచి చూడండి. కొత్త లేఅవుట్లలో ఎం-సాండ్ (రాతిని పొడిచేసిన ఇసుక), కంకర ఎక్కడపడితే అక్కడ చల్లి ఉంటాయి. వాన పడిన రోజైతే చెట్ల కింద రాలిన పూలు కూడా జారతాయి.

గుర్తులకు: సుద్దముక్క, సగం నీళ్ళు పోసిన ప్లాస్టిక్ సీసాలు ఆరు. ముగ్గు పిండితో లావుగా గీతలు వేయకండి, టైరు కింద అది ఇసుకలాగే జారుతుంది. ఇటుకలు, రాళ్ళు అసలు వద్దు.

ఒంటికి: ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్, చీలమండ కప్పే బూట్లు, గ్లవ్స్, మోకాలి గార్డులు. "పార్కింగులోనే కదా" అని చెప్పులతో వస్తే పాదం బండి కింద పడేది అక్కడే.

తోడు: ఒక మనిషి. ఫోనులో వీడియో తీయడానికి, బ్రేకు లైటు చూడటానికి, పడితే లేపడానికి.

బండికి: సామాను పెట్టెలు తీసేయండి, ట్యాంకులో సగం పెట్రోలు చాలు. టైర్ల గాలి మాన్యువల్లో ఉన్నంత ఉండాలి. చైను వదులుగా ఉంటే నెమ్మదిగా వెళ్ళేటప్పుడు బండి కుదుపులిస్తుంది, ముందుగా బిగించుకోండి. క్లచ్ లివర్ మొదట్లో 2–3 మిల్లీమీటర్లు వదులు ఉండాలి, అసలు లేకపోయినా మరీ ఎక్కువైనా మెకానిక్ దగ్గర సరిచేయించండి. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని, అంటే బైకు క్లచ్‌కు సరిపోయే ఆయిల్ అన్న గుర్తు, ఉందో లేదో చూడండి. మన బండ్లలో ఎక్కువ వాటికి క్లచ్ పళ్ళేలు ఇంజన్ ఆయిల్లోనే తిరుగుతాయి. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. చివరగా, ఇంజన్‌ను ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి అప్పుడు మొదలుపెట్టండి. చల్లగా ఉన్నప్పుడు ఐడిలింగ్ (ఎక్సలేటర్ తిప్పకుండా ఇంజన్ తిరిగే వేగం) ఎక్కువగా ఉండి చేతికి లెక్క తప్పుతుంది.

1. పడిన బండిని లేపడం

ఇది ఆఖరున నేర్చుకునే పని అనుకుంటారు. నేను దీంతోనే మొదలుపెట్టిస్తాను, ఎందుకంటే లేపగలనన్న ధైర్యం ఉన్నవాళ్ళకు మలుపులో చేతులు బిగుసుకోవు.

బండి పడిపోతుంటే పట్టుకుని ఆపాలని చూడకండి. కొంతవరకు వాలాక ఆ బరువు ఎవరికీ ఆగదు, నడుము పట్టేస్తుంది. కాలు తప్పించి వదిలేయండి. పడ్డాక కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే మీట) నొక్కి, తాళం ఆపి, రెండు నిమిషాలు ఊపిరి తీసుకోండి. బండి కుడివైపు పడి ఉంటే ముందుగానే సైడ్ స్టాండ్ తెరిచి పెట్టండి, లేకపోతే లేపిన ఊపుకు అవతలికి పడుతుంది. గేరు ఫస్టులో ఉంటే చక్రం దొర్లదు. హ్యాండిల్ నేలవైపుకు పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి కూర్చోండి. ఒక చేత్తో కింద ఉన్న గ్రిప్పు, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రైలు (వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకునే కడ్డీ) పట్టుకోండి. వీపు నిటారుగా ఉంచి, కాళ్ళ బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవండి. వేడి సైలెన్సర్‌కు చెయ్యి తగలనివ్వకండి. నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఒంటరిగా ప్రయత్నించవద్దు, మన రోడ్ల మీద పిలిస్తే ఇద్దరు వస్తారు.

బండిని కావాలని పడేసి నేర్చుకోనక్కర్లేదు. నిలబెట్టిన బండి పక్కన ఆ భంగిమ, చేతుల చోటు నాలుగుసార్లు చేసి చూసుకుంటే చాలు.

2. ఇంజన్ ఆపి బరువు తెలుసుకోవడం

బండికి ఎడమవైపు నిలబడండి, తోడు మనిషిని కుడివైపు ఉంచండి. స్టాండ్ తీసి బండిని నిటారుగా తెస్తుంటే ఒకచోట బరువు మాయమవుతుంది, రెండు వేళ్ళతో ఆపొచ్చు. ఆ చోటు చేతికి తెలియాలి. న్యూట్రల్లో పెట్టి తోసుకుంటూ పెద్ద వలయంగా రెండు చుట్లు తిప్పండి.

ఇప్పుడు హ్యాండిల్ కుడికి తిప్పి ఉంచి, చాలా నెమ్మదిగా తోస్తూ ముందు బ్రేకు కొద్దిగా పట్టండి. బండి కుడివైపుకు గుంజుకుపోతుంది, అక్కడున్న మనిషికి ఆ బరువు తగులుతుంది. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు ఎందుకు వద్దంటారో నేను పేజీలు రాసినా ఇంత బాగా అర్థం కాదు. ఏబీఎస్ (బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉంది కదా అని ధీమా పడకండి, నడక వేగంలో అది పని చేయదు.

3. హాఫ్ క్లచ్

పని మొత్తం ఇక్కడే ఉంది. మిగతావి దాటేసినా పర్వాలేదు, దీన్ని మాత్రం దాటవద్దు.

రెండు కాళ్ళూ నేల మీద ఉంచి ఫస్ట్ గేర్ వేయండి. ఎక్సలేటర్ ముట్టుకోవద్దు. క్లచ్‌ను వెంట్రుకవాసి చొప్పున వదులుతూ రండి. ఒకచోట ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, బండి ముందుకు కదలాలని చూస్తుంది. అక్కడ ఆపండి, అదే హాఫ్ క్లచ్. జానెడు ముందుకు కదిలాక మళ్ళీ నొక్కి, కాళ్ళతో వెనక్కి జరగండి. ఇలా ఇరవై, ముప్పై సార్లు చేస్తే లివర్ ఎక్కడ పట్టుకుంటుందో చూడకుండానే తెలుస్తుంది. ఆ చోటుకు అటు ఇటు ఒక సెంటీమీటరు లోపే మీ పని అంతా. లివర్‌ను పూర్తిగా లోపలికి, పూర్తిగా బయటికి కొట్టే అలవాటును ఈ అరగంటలో వదిలించుకోవాలి.

చేతులు చిన్నవైతే లివర్‌ను గ్రిప్పు దగ్గరికి జరిపించుకోండి, చాలా బండ్లకు ఆ వీలుంటుంది. మణికట్టు పైన నొప్పి మొదలైతే ఆపండి, నొప్పితో నేర్చుకున్న చెయ్యి తప్పుగా నేర్చుకుంటుంది.

"క్లచ్ కాలిపోదా అన్నా?" అని అందరూ అడుగుతారు. నడక వేగంలో, కొద్ది రేజ్ (ఎక్సలేటర్) మీద, ఆయిల్లో మునిగిన క్లచ్‌కు ఇది పెద్ద కష్టం కాదు. పది నిమిషాలకు ఒకసారి బండిని మామూలుగా రెండు చుట్లు తిప్పి గాలి తగలనివ్వండి. కాలిన వాసన వచ్చినా, క్లచ్ పూర్తిగా వదిలాక కూడా రేజ్ పెరిగి బండి కదలకపోయినా అక్కడితో ఆపేయండి.

4. గీత మీద నెమ్మదిగా

సుద్దతో 20 అడుగుల పొడవు రెండు గీతలు గీయండి, మధ్య ఎడం మూరెడు. అంటే సుమారు 15 మీటర్ల పొడవు. జపాన్‌లో పెద్ద బండి లైసెన్సు కావాలంటే 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలక మీద కనీసం 10 సెకన్లపాటు నడపాలి. 400 సీసీ లోపు బండ్లకైతే 7 సెకన్లు. 10 సెకన్లంటే గంటకు అయిదు కిలోమీటర్ల పైచిలుకు వేగం. మనకు పలక అక్కర్లేదు, లెక్క అదే పెట్టుకుందాం.

రేజ్ ఐడిలింగ్ కన్నా కొద్దిగా పైన పెట్టి అక్కడే వదిలేయండి. దాన్ని మార్చకండి. క్లచ్ హాఫ్‌లో ఉండాలి. కుడి కాలితో వెనక బ్రేకు కొద్దిగా నొక్కి ఉంచాలి. బండి ఉరకాలని చూస్తుంది, బ్రేకు వద్దంటుంది, ఆ రెండింటి లాగులాట మధ్య బండి బిగువుగా నిలబడుతుంది. వేగం తగ్గాలంటే బ్రేకు కాస్త ఎక్కువ, పెరగాలంటే కాస్త తక్కువ. పడుతున్నట్టు అనిపిస్తే క్లచ్ కొద్దిగా వదలండి. మనసు నొక్కమంటుంది, చెయ్యి వదలాలి. ఈ ఒక్కటి ఎదురు అలవాటు కావడానికే నాకు రెండు వారాలు పట్టింది.

రెండు కాళ్ళూ ఫుట్‌రెస్టుల మీదే. మోకాళ్ళతో ట్యాంకును పట్టుకోండి, భుజాలు వదులుగా ఉంచండి. చూపు గీత చివర కాదు, ఇంకా దూరంగా ఉన్న గోడ మీద.

5. ఆగడం, కదలడం

హ్యాండిల్ నిటారుగా చేసి, వెనక బ్రేకుతో ఆగి, ఎడమ కాలు దించండి. కుడి కాలు బ్రేకు మీదే ఉండాలి. ఆగే ముందు అయిదారు అడుగుల నుంచే కాళ్ళు వేలాడదీస్తే బ్రేకు లేకుండా పోతుంది. కదిలిన వెంటనే, మొదటి చక్రపు చుట్టులోనే కాలు పైకి రావాలి. పొట్టిగా ఉన్నవాళ్ళు రెండు పాదాలూ ఆనాలని పట్టుబట్టకండి. సీటు మీద కాస్త ఎడమకు జరిగి ఒక పాదం గట్టిగా ఆనిస్తే చాలు.

6. యూటర్న్

సీసాలతో 16 అడుగుల వెడల్పు గుర్తు పెట్టండి, అంటే 12 మీటర్లు. అలవాటయ్యే కొద్దీ 10 అడుగులకు తగ్గించండి. అది 7.5 మీటర్లు, బ్రిటన్ లైసెన్సు పరీక్షలో యూటర్న్‌కు ఇచ్చే వెడల్పు. మన పని అక్కడికి వస్తే చాలు.

నేలకు ఎడమ అంచున మొదలుపెట్టండి. తిప్పకముందే తల తిప్పండి. గడ్డం భుజం మీదికి వచ్చేంతగా తిప్పి, మీరు బయటికి వెళ్ళాల్సిన చోటును చూడండి. ముందు చక్రాన్ని చూస్తే అక్కడే పడతారు. రేజ్, హాఫ్ క్లచ్, వెనక బ్రేకు మూడూ గీత మీద ఎలా ఉన్నాయో అలాగే. ఇప్పుడు హ్యాండిల్ తిప్పి బండిని లోపలికి వాలనివ్వండి, మీ ఒళ్ళు మాత్రం బయటికి ఉండాలి. కుడికి తిరిగేటప్పుడు ఎడమ పిరుదు మీద కూర్చుని, ఎడమ ఫుట్‌రెస్టు మీద బరువు వేయండి. హైవే మలుపులో మనం లోపలికి వాలతాం, ఇక్కడ దానికి వ్యతిరేకం. మలుపు సగంలో ఉండగా గేరు మార్చడం, క్లచ్ మొత్తం నొక్కడం, ముందు బ్రేకు ముట్టుకోవడం చేయకండి. రెండు వేళ్ళు బ్రేకు లివర్ మీద పెట్టుకునే అలవాటున్నవాళ్ళు ఇక్కడ వేళ్ళన్నీ గ్రిప్పు చుట్టూ పెట్టండి.

అందరికీ ఎడమ మలుపు ముందు వస్తుంది, కుడిది రాదు. మనకు రోడ్డు మీద కావాల్సింది కుడిదే, ఎందుకంటే ఎడమ పక్కన నడిచే మనం యూటర్న్ కుడికే తిప్పుతాం. హ్యాండిల్ పూర్తిగా కుడికి తిరిగినప్పుడు ఎడమ గ్రిప్పు దూరంగా పోతుంది. చెయ్యి చాలక వేళ్ళు జారి క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తాయి. కుడి గ్రిప్పు ఒంటి మీదికి వచ్చి, మణికట్టు మడతపడి రేజ్ మారిపోతుంది. అందుకే తిప్పే ముందే ఎడమ భుజాన్ని కాస్త ముందుకు తీసుకెళ్ళండి, కుడి మోచెయ్యిని బయటికి ఎత్తి పెట్టండి. ఎడమకు ఒకసారి తిప్పితే కుడికి రెండుసార్లు తిప్పండి.

రెండూ వచ్చాక 8 వేయండి. ఆర్టీవో దగ్గర స్కూటీతో వేసిన 8 ఇదే. ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు మారేచోట తల ముందు తిరగాలి, బండి తర్వాత.

క్లచ్ లేని ఎలక్ట్రిక్ బండి అయితే కొద్ది రేజ్ మీద వెనక బ్రేకుతోనే ఇదంతా చేయాలి. కొన్ని బండ్లు బ్రేకు నొక్కగానే మోటారును ఆపేస్తాయి. అలాంటి దానిమీద వలయం పెద్దదిగానే ఉంచండి.

7. బేస్‌మెంట్ ర్యాంప్

మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ బండ్లు ఒరిగేది ఇక్కడే. ఎక్కేటప్పుడు వెనక బ్రేకు పట్టి ఉంచి, క్లచ్ పట్టుకునే చోటుకు తెచ్చి, కాస్త రేజ్ ఇచ్చి, బండి ముందుకు లాగుతున్నట్టు అనిపించాక బ్రేకు వదలండి. దిగేటప్పుడు ఫస్ట్ గేరులో క్లచ్ వదిలే ఉంచండి, ఇంజనే ఆపుతుంది, వెనక బ్రేకు తోడుగా ఉంటుంది. న్యూట్రల్లో దిగకండి. ర్యాంప్ చివర నీళ్ళు పోవడానికి ఇనుప జాలీ ఉంటుంది. వానాకాలం దానిమీద బండి నిటారుగా పోవాలి, మలుపు దాని తర్వాతే. పైకి ఎవరైనా వస్తున్నారేమో చూసుకుని, దారి ఖాళీ అయ్యాకే ర్యాంప్ మీదికి వెళ్ళండి. మధ్యలో ఆగాల్సిన పని రాకపోవడమే మేలు.

సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవడం

వీడియో చూడండి, మన లోపల అనిపించేది నమ్మలేం. తల తిప్పాననే అందరూ అనుకుంటారు, వీడియోలో కళ్ళు మాత్రమే తిరిగి ఉంటాయి. తోడు మనిషిని వెనక నిలబెట్టండి. గీత మీదా, మలుపులోనూ బ్రేకు లైటు వెలిగే ఉండాలి, ఆరిపోయి వెలుగుతుంటే మీ కుడి కాలు పని మానేస్తోందన్నమాట. శబ్దం వినండి. ఇంజన్ ఒకే శ్రుతిలో ఉండాలి. రయ్ రయ్ మని ఎక్కి దిగుతుంటే క్లచ్‌తో చేయాల్సిన పని రేజ్‌తో చేస్తున్నారు.

బండి మాటిమాటికీ ఆఫ్ అవుతుంటే రేజ్ మరీ తక్కువ పెట్టారు, లేదా బ్రేకు గట్టిగా నొక్కుతున్నారు. తక్కువ రేజ్ మీద కొట్టుకునే ఇంజన్లకు ఇంకాస్త ఎక్కువే ఇవ్వాలి. యూటర్న్ బయటికి వెడల్పుగా పోతుంటే తొంభై పాళ్ళు చూపు తప్పు, హ్యాండిల్ తప్పు కాదు. మలుపులో లోపలికి కూలుతున్నట్టు అనిపిస్తే క్లచ్ నొక్కేస్తున్నారు. హ్యాండిల్ వణుకుతుంటే మోచేతులు బిగించి ఉన్నారు, ఒకసారి రెక్కలాడించినట్టు ఆడించి మళ్ళీ పట్టుకోండి.

కాలు దించకుండా గీత మీద వరుసగా అయిదుసార్లు 10 సెకన్లు, 10 అడుగుల వెడల్పులో కుడి యూటర్న్ వరుసగా అయిదుసార్లు. ఇవి వచ్చాకే రోడ్డు.

8. రోడ్డు మీదికి

మొదటి రోజే సిల్క్ బోర్డ్ లాంటి రద్దీ కూడలి వద్దు. ఆదివారం ఉదయం ఆరింటికి మీ ఇంటి దగ్గర యూటర్న్ ఒకటి ఎంచుకుని పదిసార్లు తిప్పండి. వెనక ఎవరో హారన్ కొడితే కంగారుపడి సగంలో ఆగవద్దు, తిప్పడం మొదలుపెడితే పూర్తిచేయండి. మొదలుపెట్టకముందు మాత్రం ఎంతసేపైనా ఆగొచ్చు. చోటు చాలదనిపిస్తే ముందుకెళ్ళి ఇంకో యూటర్న్ చూసుకోండి, లేదా పక్కకు తీసి దిగి తోయండి.

ట్రాఫిక్కులో ముందున్న కారు కదిలిన ప్రతిసారీ ఆరంగుళాలు జరగకండి. రెండు బండ్ల ఎడం రానిచ్చి, గీత మీద నడిపినట్టు ఒకే ఊపులో వెళ్ళండి. ఎవరో ఆ సందులోకి దూరతారు, దూరనివ్వండి. పూర్తిగా ఆగిపోయినప్పుడు న్యూట్రల్ వేసి చేతికీ క్లచ్‌కీ విశ్రాంతి ఇవ్వండి.

వెనక మనిషిని ఎక్కించుకునే ముందు మళ్ళీ పార్కింగుకే రండి. బరువు వెనక్కి, పైకి పోతుంది, లివర్ పట్టే చోటు మారకపోయినా రేజ్ ఎక్కువ కావాలి. గీత మీద పదిసార్లు, 16 అడుగుల వెడల్పులో యూటర్న్ పదిసార్లు వాళ్ళతోనే చేయండి. మలుపులో మీతో పాటు పక్కకు వంగవద్దనీ, బండి ఆగినా కాళ్ళు దించవద్దనీ, దిగే ముందు మీకు చెప్పి దిగాలనీ వాళ్ళకు ముందే చెప్పండి. నా భార్య ఈ మూడూ ఒప్పుకుని, నాలుగోది తనే కలిపింది: యూటర్న్ ముందు "తిప్పుతున్నా" అని నేను చెప్పాలి. ఇప్పటికీ చెబుతాను.